ఇసుక దిబ్బల నుంచి బుగ్గల దాకా: సీమలో కారు, టెంటు, మూడు రాత్రులు

ఎడారిలో టెంటు వేసుకుని పడుకోవాలి, తెల్లారగానే వేడినీటి ఊటలో మునగాలి అనుకునేవాళ్ళు మామూలుగా లడఖ్ వైపు చూస్తారు. చుమాథాంగ్, పనామిక్ లాంటి చోట్ల నిజంగానే పొగలు కక్కే నీళ్ళు ఉన్నాయి. కానీ అక్కడికి పోయి రావాలంటే పొడుగాటి సెలవు కావాలి, ఎత్తుకు ఒళ్ళు అలవాటు పడాలి, చేతిలో డబ్బు ఆడాలి. అనంతపురం, కర్నూలు, కడప వాళ్ళకు అలాంటి దారి ఒకటి ఇంటికి దగ్గర్లోనే ఉంది. బొమ్మనహాళ్ మండలం దర్గా హొన్నూరు దగ్గర గాలికి కదిలే ఇసుక దిబ్బలు ఉన్నాయి. తాడిపత్రి నుంచి మహానంది దాకా ఎండిన నేల అడుగు నుంచి ఏడాది పొడవునా ఉబికే ఊటలు ఉన్నాయి, వాటినే బుగ్గలంటారు. ఈ నీళ్ళు పొగలు కక్కవు, ఆ మాట ముందే చెప్తున్నా. కానీ డిసెంబరు తెల్లవారుజామున ఒళ్ళు జిల్లుమంటున్నప్పుడు మహానంది గుండంలో దిగితే గోరువెచ్చగానే ఉంటాయి.

ఈ ప్రయాణం ప్లాన్ చేసేటప్పుడు చాలామంది చూడాల్సిన చోట్ల జాబితాతో మొదలుపెడతారు. మన వైపు ఆ పద్ధతి పనికిరాదు. రాజస్థాన్ జైసల్మేర్ తర్వాత అంత తక్కువ వాన పడే జిల్లాగా పేరుపడ్డది అనంతపురం. ఎక్కడ నీళ్ళు దొరుకుతాయి, పొద్దు గూకేలోపు ఎక్కడికి చేరతాం, ఈ రెండూ తేల్చుకుంటే మిగతా ప్లాన్ దానంతట అదే కుదురుతుంది.

నెల, తిథి

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకా మంచి కాలం. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు ఉంటాయి. తడిసిన నల్లరేగడిలో కారు దిగబడితే ట్రాక్టరు వచ్చి లాగితే గానీ బయటపడదు. మార్చి దాటితే ఎండ మొదలు. ఏప్రిల్, మే నెలల్లో నంద్యాల, కర్నూలు వైపు 42 డిగ్రీలు దాటడం మామూలే, అప్పుడు టెంటు మాటే వద్దు. జూన్ నుంచి ఆగస్టు దాకా నైరుతి గాలి జోరుగా వీస్తుంది. హొన్నూరు దిబ్బల్లో ఇసుకను రేపేది ఆ గాలే. ఆ రోజుల్లో అక్కడ కళ్ళు తెరవడం కూడా కష్టం.

కార్తీక సోమవారాలు, మహాశివరాత్రి తప్పించండి. యాగంటి, మహానంది శివాలయాల్లో ఆ రోజుల్లో కాలు పెట్టే సందు ఉండదు. పెన్న లోయ అంచున ఉన్న గండికోటకు శని, ఆదివారాల్లో బెంగళూరు, హైదరాబాద్ కార్లు వరుస కడతాయి కాబట్టి, సోమవారమో మంగళవారమో బయల్దేరేలా చూసుకోండి. చుక్కలు చూడాలనుకుంటే అమావాస్యకు దగ్గరగా, ఇసుక మీద వెన్నెల కావాలనుకుంటే పున్నమికి దగ్గరగా పెట్టుకోండి. రెండూ ఒకే ట్రిప్పులో కుదరవు. నన్నడిగితే పున్నమికే ఓటు. మొదటిసారి టెంటు వేసేవాళ్ళకు వెన్నెల టార్చి లైటు కన్నా బాగా పనికొస్తుంది.

దారి

అనంతపురం నుంచి మొదలుపెడదాం. ఉరవకొండ, కణేకల్లు మీదుగా బొమ్మనహాళ్ మండలంలోని దర్గా హొన్నూరు. మర్నాడు వెనక్కి ఉరవకొండ, గుత్తి, తాడిపత్రి మీదుగా గండికోట. మూడో రోజు జమ్మలమడుగు, కొలిమిగుండ్ల మీదుగా బెలుం గుహలు, అక్కడి నుంచి బనగానపల్లె, యాగంటి, నంద్యాల, మహానంది. నాలుగో రోజు కర్నూలు మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని ఇంటికి. రెండు రాత్రులు టెంటు, మూడో రాత్రి గది. గది ఎందుకో మహానంది దగ్గర చెప్తాను.

కర్నూలు వాళ్ళు ఇదే దారిని తిరగేసుకోవచ్చు. కడప వాళ్ళు హొన్నూరు వదిలేసి, గండికోట నుంచి మొదలుపెడితే రెండు రాత్రుల్లో అయిపోతుంది.

రోజుకు రెండు వందల కిలోమీటర్ల చుట్టుపక్కలే ఉండేలా చూసుకోండి. లెక్క చూస్తే తక్కువే అనిపిస్తుంది. కానీ తాడిపత్రి, కొలిమిగుండ్ల, జమ్మలమడుగు చుట్టుపక్కల సిమెంటు లారీలు, నాపరాళ్ళ లారీలు ఎడతెగకుండా తిరుగుతాయి. ఊళ్ళ దగ్గర రోడ్డు మీదే కందులు, జొన్నలు ఆరబోస్తారు. వెనక లైటు లేని ట్రాక్టర్లు, ఎద్దుల బండ్లు ఎదురవుతాయి. డిసెంబరులో ఆరు కాకముందే పొద్దు గూకుతుంది. అయిదింటికల్లా టెంటు వేసే చోటికి చేరాలి. అది కుదరదనిపిస్తే దారిలో ఒక చోటు వదిలేయండి, చీకట్లో మాత్రం బండి నడపవద్దు.

ఫోన్ మ్యాపు దగ్గర దారి అని చూపించే అడ్డదారులను నమ్మవద్దు. అవి చాలావరకు చేల మధ్య డొంకలు. ఈ ప్రాంతం మ్యాపును ముందే ఫోన్లో దింపుకోండి. గండికోట లోయ అంచున, నల్లమల దగ్గర సిగ్నల్ సరిగా అందదు. డీజిలు, పెట్రోలు ఉరవకొండలో, తాడిపత్రిలో, జమ్మలమడుగులో, నంద్యాలలో దొరుకుతాయి. ట్యాంకు సగానికి వచ్చినప్పుడల్లా నింపేయడమే మేలు.

నీళ్ళ లెక్క

తాగడానికి, వంటకు కలిపి మనిషికి రోజుకు అయిదు లీటర్లు. ముఖం, కాళ్ళు చేతులు, గిన్నెలు కడుక్కోవడానికి ఇంకో అయిదు. నలుగురు వెళ్తే రోజుకు 20 లీటర్ల క్యాన్లు రెండు. ఇంటి నుంచి రెండు తీసుకెళ్ళండి, తాడిపత్రిలో మార్చుకోండి, జమ్మలమడుగులో మళ్ళీ నింపుకోండి. క్యాను కారులో దొర్లకుండా సీటు వెనక ఇరికించి పెట్టండి. ఒక చిన్న చేతి పంపు కొనుక్కుంటే రాత్రిపూట క్యాను ఎత్తి ఒంపే బాధ తప్పుతుంది.

దారిలో కనిపించే బోరు నీళ్ళు తాగవద్దు. అనంతపురం జిల్లాలో చాలా ఊళ్ళ భూగర్భ జలంలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఒక పూట తాగితే ఏం కాదంటారు, నిజమే కావచ్చు, కానీ అక్కడి జనమే క్యాన్లు కొనుక్కుని తాగుతున్నప్పుడు మనకెందుకు ఆ పట్టుదల? గిన్నెలు కడగడానికి మాత్రం ఆ నీళ్ళు బాగానే పనికొస్తాయి. అడగకుండా పొలంలో మోటారు ఆన్ చేయవద్దు. అడిగితే కాదనే రైతు అరుదు.

కారులో పడాల్సినవి

టెంటుతో వచ్చే పెగ్గులు, అంటే నేలలో దిగ్గొట్టే మేకులు, గండికోటలో పనికిరావు. అడుగంతా రాయి, ఒక అంగుళం కూడా దిగవు. హొన్నూరు ఇసుకలో దిగుతాయి కానీ గాలి లాగితే ఊడొస్తాయి. కాబట్టి నైలాన్ తాడు కొంచెం ఎక్కువ పెట్టుకోండి. రాతి నేల మీద తాడును తలకాయంత రాయికి చుట్టి, దాని మీద ఇంకో రాయి పెట్టాలి. ఇసుకలో అయితే చిన్న గుడ్డ సంచిలో ఇసుక నింపి, తాడు కట్టి, మూరెడు లోతున పూడ్చాలి. రాయికి తాడు కట్టడం ఇంటి మేడ మీద ఒకసారి చేసి చూసుకోండి, అక్కడ టెన్షన్ తగ్గుతుంది.

చలి కోసం మరీ పెద్ద ఏర్పాట్లు అక్కరలేదు. రాత్రి 15 డిగ్రీల దగ్గరికి దిగుతుంది, గాలి తోడైతే ఇంకొంచెం ఎక్కువ అనిపిస్తుంది. ఇంట్లో ఉన్న బొంతలు, ఒక కంబళి చాలు. కింద పరుచుకునేది మాత్రం మందంగా ఉండాలి. చలి పైనుంచి కన్నా నేల నుంచే ఎక్కువ ఎక్కుతుంది.

ఇక బండికి: గాలి నిండిన స్టెప్నీ, పంక్చర్ కిట్టు, లైటరు సాకెట్టుకు పెట్టుకునే గాలి పంపు, ఒక పార, నాలుగు పాత గోనె సంచులు. కంప ముళ్ళు టైర్లకు శత్రువులు, చెట్ల కింద నీడ ఉంది కదా అని ఆపేముందు కింద చూడండి.

వంటకు చిన్న గ్యాస్ స్టవ్వు తీసుకెళ్ళండి. పుల్లలు ఏరుకుని మంట వేయడం సరదాగానే ఉంటుంది కానీ ఎండిన గడ్డి, చేలల్లో కోసి ఉంచిన కంది కట్టె పక్కనే ఉంటాయి. ఒక్క నిప్పురవ్వ చాలు. తిండి విషయంలో మనవాళ్ళకు వేరే వాళ్ళు చెప్పాల్సిన పని లేదు. జొన్నరొట్టెలు ఎండబెట్టినవి, చెనక్కాయల పొడి, ఊరుమిండి, బొరుగులు, బెల్లం ఉంటే రెండు రోజులు నిశ్చింత. పొద్దున ఉరవకొండలోనో గుత్తిలోనో ఉగ్గాణి బజ్జి ఎలాగూ దొరుకుతుంది.

పడుకునేటప్పుడు టెంటు జిప్పు పూర్తిగా వేసి ఉంచండి. చెప్పులు, బూట్లు లోపలే పెట్టుకోండి, పొద్దున దులిపి తొడుక్కోండి. నాపరాళ్ళ కింద తేళ్ళు ఉంటాయి, రాయి ఎత్తేటప్పుడు వేళ్ళు కిందికి పెట్టకుండా కాలితో దొర్లించండి. కట్లపాము, రక్తపింజరి రెండూ ఈ వైపు ఉన్నాయి. చీకట్లో నాలుగడుగులు వేయాలన్నా టార్చి ఉండాలి. పాము కరిస్తే కోయడం, పీల్చడం, బిగించి కట్టడం, మంత్రం వేయించడం ఏవీ వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి చేరాలి. మొదటి రాత్రికి రాయదుర్గం, రెండో రాత్రికి జమ్మలమడుగు అని గుర్తుంచుకోండి.

మొదటి రాత్రి: దర్గా హొన్నూరు

అనంతపురంలో మధ్యాహ్నం భోంచేసి బయల్దేరితే చాలు. ఉరవకొండ దాటాక గాలిమరలు, ఆ తర్వాత కణేకల్లు చెరువు. బొమ్మనహాళ్ చేరేసరికి దారి పక్కన పచ్చటి వరి కనిపిస్తే తప్పు దారిలో వచ్చామేమో అనుకోవద్దు. తుంగభద్ర ఎగువ కాలువ మన రాష్ట్రంలోకి వచ్చేది ఇక్కడే. కాలువ కింద వరి, అక్కడికి కాస్త దూరంలోనే ఇసుక దిబ్బలు. వేదవతిని ఇక్కడ హగరి అంటారు. ఆ నది పడకలోని ఇసుకను గాలి ఏళ్ళ తరబడి ఎత్తి పొలాల మీద పోసింది, ఇంకా పోస్తూనే ఉంది. మనకు ఫోటో, ఆ రైతుకు మునిగిపోయిన చేను. దిబ్బ అంచున మొక్కలు నాటి ఉంటే వాటిని తొక్కవద్దు, ఇసుకను ఆపడానికి పెట్టినవి అవి.

కారును ఊళ్ళోనో గట్టి నేల మీదో ఆపి దిబ్బల్లోకి నడిచే వెళ్ళండి. ఎస్‌యూవీ ఉంది కదా అని దింపితే చక్రం తిరిగే కొద్దీ లోపలికే పోతుంది. పొరపాటున దిగబడితే యాక్సిలరేటరు తొక్కడం వెంటనే ఆపేయండి. టైర్లలో గాలి 18-20 పీఎస్ఐకి తగ్గించి, చక్రాల ముందు ఇసుక పారతో తీసి, గోనె సంచులు పరిచి, రెండో గేరులో నెమ్మదిగా రండి. గట్టి నేల చేరాక మళ్ళీ గాలి నింపండి.

టెంటు దిబ్బ మీద వేయాలని అందరికీ ఉంటుంది. దిబ్బ దిగువన, గాలికి మరుగున వేయండి. ఇంకా మంచిది, చెనక్కాయ పీకేసిన చేను. ఊళ్ళోకి వెళ్ళి ఎవరి చేనో కనుక్కుని, 'అన్నా, ఈ రాత్రికి ఇక్కడ పడుకుంటాం, పొద్దున్నే పోతాం' అని ఒక మాట చెప్పండి. ఆ మాట చెప్పడం వల్ల ఇంకో లాభం ఉంది. రాత్రి కొత్త మనుషుల లైట్లు చూసి ఊరు కంగారు పడదు. ఒప్పుకోకపోతే వాదించకుండా పొద్దు గూకేదాకా దిబ్బల్లో తిరిగి, రాయదుర్గం లాడ్జిలో పడుకోండి. ఆడవాళ్ళు మాత్రమే వెళ్తున్నా, చిన్నపిల్లలు ఉన్నా ఆ లాడ్జే మేలని నా అభిప్రాయం.

రెండో రోజు: బుగ్గ నుంచి లోయకు

పొద్దున ఏడింటికల్లా బయల్దేరాలి, ఆ రోజు దారి ఎక్కువ. గుత్తి కోట ఊరిస్తుంది, కానీ ఎక్కి దిగడానికి పూట పడుతుంది. ఈసారికి కిందనుంచి చూసి ముందుకు పోండి.

తాడిపత్రిలో మాత్రం ఆగాల్సిందే. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరస్వామి గుడి ఉంది. విజయనగర కాలంలో పెమ్మసాని నాయకులు కట్టించారు. పూర్తికాని గోపురాల మీద రాతి చెక్కడం చూస్తూ గంట గడిచిపోతుంది. గుడి పక్కన పెన్న ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండి ఇసుకగా ఉంటుంది, గర్భగుడిలో లింగం అడుగున మాత్రం నీరు ఊరుతూనే ఉంటుంది. ఇది స్నానం చేసే బుగ్గ కాదు, చూసి దండం పెట్టుకునేది. మధ్యాహ్నం గుడి మూస్తారు, అందుకే పదకొండు గంటల లోపు చేరేలా చూసుకోండి. క్యాన్లు, కూరగాయలు, మందులు ఏవి కావాలన్నా ఇక్కడే కొనండి. గండికోటలో అంగళ్ళు తక్కువ.

నాలుగింటికి గండికోట. కోట, మసీదు, మాధవరాయ గుడి, రంగనాథ గుడి, ధాన్యాగారం రక్షిత కట్టడాలు. వాటి మధ్య టెంటు వేయకూడదు, మంట అసలే వద్దు. టెంట్లు అద్దెకిచ్చేవాళ్ళు, సొంత టెంటుకు జాగా ఇచ్చేవాళ్ళు దొరుకుతారు. పర్యాటక శాఖ హరిత హోటల్ కూడా ఉంది. అద్దెకు తీసుకుంటే ముందు టాయిలెట్ ఎక్కడుందో చూసి తర్వాత ధర మాట్లాడండి. లోయ అంచున వేస్తామని ఎవరైనా ఆశ పెడితే వద్దని చెప్పండి. ఎర్రరాయిని పెన్న దాదాపు మూడు వందల అడుగుల లోతుకు కోసిన చోటు అది. చాలా చోట్ల కమ్మీలు లేవు. రాత్రి గాలి కింది నుంచి పైకి తన్నుతుంది. నిద్రమత్తులో బయటికి వచ్చిన మనిషికి అంచు ఎక్కడుందో తెలియదు. కనీసం వంద అడుగులు వెనక్కి ఉండండి, గుడారం తలుపు లోయకు ఎదురుగా కాకుండా పెట్టండి. పొద్దున ఆరుంపావుకు లేచి అంచు దగ్గర కూర్చోండి. సెల్ఫీ కోసం రాళ్ళ మీదికి ఎక్కవద్దు.

మూడో రోజు: నేల కింద

బెలుం గుహల్లోకి ఉదయం పది గంటల ప్రాంతంలో పంపుతారు, కాబట్టి గండికోటలో తొందర పడక్కరలేదు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే భూగర్భ శాస్త్రవేత్త వీటి గురించి రాశాడు. 1980ల మొదట్లో జర్మన్ బృందం ఒకటి వచ్చి కొలతలు తీసింది. మొత్తం 3,229 మీటర్లు, అందులో మనం తిరిగేది దాదాపు ఒకటిన్నర కిలోమీటరు. లోపల ఉక్కపోత, చెమటలు కారిపోతాయి. స్వెటరు కారులో వదిలేయండి, నీళ్ళ సీసా చేతిలో ఉంచండి. ఉబ్బసం ఉన్నవాళ్ళు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు మొదటి విశాలమైన గదుల దాకా వెళ్ళి వెనక్కి రావడం మంచిది.

పాతాళగంగ దాకా వెళ్ళగలిగితే మాత్రం వెళ్ళండి. ఈ ప్రయాణం మొత్తానికి తాళంచెవి అక్కడుంది. పైన ఎండిన చేలు, కింద పారే నీరు. సున్నపురాయిని నీరు కొద్దికొద్దిగా కరిగించి దారులు చేసుకుంటుంది. పడ్డ కాస్త వానా ఆ దారుల్లో, కొండ రాళ్ళ పగుళ్ళలో ఇంకిపోయి, కొండ పాదాల దగ్గర వీలున్న చోట బుగ్గగా పైకి వస్తుంది. పైనున్న నేల ఎండినా అడుగున నీరు నెమ్మదిగా కదులుతూ ఉంటుంది కాబట్టే బుగ్గలు అంత సులువుగా ఎండవు.

అక్కడి నుంచి బనగానపల్లె. డిసెంబరులో మామిడిపళ్ళు అడిగితే అంగడివాడు నవ్వుతాడు. యాగంటి ఎర్రమల కొండల ఒడిలో ఉంది. కొండ నుంచి వచ్చే నీరు పుష్కరిణిలో పడుతుంది, అక్కడ స్నానం చేయొచ్చు. ఇది రెండో బుగ్గ, మొదటి మునక. పెరుగుతున్నాడని జనం నమ్మే రాతి బసవన్నను చూసి, ఓపిక ఉంటే అగస్త్యుడి గుహ మెట్లు ఎక్కి, నాలుగింటికల్లా బయల్దేరండి.

మహానందిలో టెంటు వద్దు. నల్లమల అంచు అది, పక్కనే దేశంలో అతిపెద్ద పులుల అభయారణ్యం నాగార్జునసాగర్-శ్రీశైలం. మహానంది చుట్టుపక్కల చిరుతలు తిరగడం కొత్త సంగతి కాదు. అడవిలో అనుమతి లేకుండా రాత్రి ఉండడం నేరం కూడా. దేవస్థానం గదులో, పర్యాటక శాఖ గదులో తీసుకుని తలుపు వేసుకుని పడుకోండి. చీకటి పడ్డాక అరటి తోటల్లోకి షికారు వెళ్ళవద్దు.

నాలుగో తెల్లవారి

అయిదున్నరకు గుండం దగ్గర ఉండండి. బయటి గుండాలే స్నానానికి. నీళ్ళు ఛాతీ దాకా వస్తాయి, అడుగున గుండుసూది పడినా కనిపిస్తుంది. లోతు నుంచి వచ్చే నీటి వేడి ఏడాదంతా పెద్దగా మారదు. బయట గాలి చల్లగా ఉన్నప్పుడు వెచ్చగా, మే నెల మధ్యాహ్నం చల్లగా అనిపించేది అందుకే. ఎండ ఎక్కితే ఆ వెచ్చదనం తెలియదు, కాబట్టి ఆలస్యం చేయకండి. సబ్బు, షాంపూ, నూనె ఏవీ వద్దు. ఈ నీళ్ళే కిందికి పారి వరికి, అరటికి వెళ్తాయి. పొడి బట్టలు, తువ్వాలు ఒడ్డున ఒకరు పట్టుకుని నిలబడాలి, కోతులు సంచులు వదలవు.

టిఫిన్ నంద్యాలలో చేయండి. కడప వాళ్ళు అక్కడే ఆళ్ళగడ్డ, మైదుకూరు దారి పడితే మధ్యాహ్నానికి ఇల్లు. అనంతపురం వాళ్ళు పాణ్యం, ఓర్వకల్లు మీదుగా కర్నూలు. ఇంకా తనివి తీరకపోతే ఓర్వకల్లు మండలంలోనే కాల్వబుగ్గ ఉంది, రామేశ్వరస్వామి గుడి పక్కన మరో ఊట. లేదంటే ఓర్వకల్లు రాతివనంలో కాసేపు ఆగొచ్చు. కర్నూలు నుంచి అనంతపురం హైవే మీద రెండున్నర గంటలు. ఇల్లు చేరాక టెంటును మేడ మీద విప్పి ఆరేయండి. ఇసుకను జిప్పుల్లోంచి పాత టూత్ బ్రష్‌తో దులపండి, లేకపోతే వచ్చేసారికి జిప్పు కదలదు.